ఎస్ఫండ్ కాయల అల్లిక: ఏళ్ల వాడకం తర్వాత

ఇరాన్‌లో నరదృష్టి తగలకుండా ఇంట్లో వేలాడదీసే ఎస్ఫండ్ కాయల అల్లిక కొనదగ్గ వస్తువే. అక్కడ దాన్ని నజర్ గొర్బానీ అంటారు. అయితే కాయలు అసలువై ఉండాలి, వేలాడదీసే చోటు పొడిగా ఉండాలి. ఈ రెంటిలో ఏది తప్పినా డబ్బు దండగే.

ఎస్ఫండ్ అంటే యునానీ మందుల్లో హర్మల్ అని వాడే గింజల మొక్క. కాయ బఠాణీ అంత ఉంటుంది, లోపల మూడు గదులు. పచ్చిగా ఉండగానే సూదితో గుచ్చి, ఆ తర్వాత ఆరబెడతారు. ఎండాక గుచ్చితే పగులుతుంది. కొనేటప్పుడు చిల్లు అంచు చూడండి. అది ముడుచుకుని దారాన్ని పట్టుకుని ఉంటే మంచి సరుకు. బీటలు కనిపిస్తే కాయలు త్వరలోనే ఒక్కొక్కటిగా రాలతాయి. పచ్చరంగు పోయి ఎండుగడ్డి రంగు తిరగడం సహజం, దాన్ని లోపం అనుకోవద్దు. ఏళ్లు గడిచినా పచ్చగా ఉందంటే రంగు వేశారన్నమాట.

కాయల వరసలు డైమండు ఆకారంలో అల్లి, వరసలు కలిసేచోట ఎరుపు, పసుపు గుడ్డముక్కలు గుచ్చుతారు. కింద కుచ్చులు. ఎండ తగిలితే ముందు వెలిసేది ఈ గుడ్డలే. కిటికీ ఎదురు గోడ వద్దు.

అల్లికలో గుచ్చే నీలిపూసల దగ్గర మోసం ఎక్కువ. అసలువి ఇరాన్‌లోని ఖోమ్ నగరంలో చేసే ఖర్‌మొహ్రేలు, అంటే గాడిదపూసలు. ఒకప్పుడు గాడిదల మెడలో దిష్టికి కట్టినవి ఇవే. పలుగురాయి పొడిని జిగురుతో ముద్ద చేసి పూసలు చుడతారు. రాగి కలిసిన పొడిలో వాటిని పూడ్చిపెట్టి దాదాపు 1000 డిగ్రీల వేడిలో కాలుస్తారు. చుట్టూ పొడే ఉంటుంది కాబట్టి పూస దేనికీ ఆనదు, మెరుపు అన్నివైపులా పడుతుంది, ఎక్కడా ఆనిన మచ్చ మిగలదు. ఈ పద్ధతి అద్భుతం, ప్రాచీన ఈజిప్టు నీలిపూసల తయారీ గురించి ఆలోచించే పండితులు కూడా ఖోమ్ వైపు చూశారు. ఒకే పూసలో నీలం ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా ఉండాలి. పట్టుకుంటే చల్లగా తగలాలి. అచ్చు గీత కనిపిస్తే ప్లాస్టిక్. కిందపడితే అసలువీ పగులుతాయి, కాకపోతే లోపల తెల్లగా, గరుకుగా ఉంటాయి.

దారం ఎక్కువగా తెగేది పూస పక్కన. చిల్లు అంచు గరుకుది, నూలుదారాన్ని కోసేస్తుంది. మైనం పట్టించిన దారం రెండు పోగులు వేసి, పూసకు అటూ ఇటూ ముడి వేస్తే ఆగుతుంది. పాత కాయలు తిరిగి గుచ్చాలంటే తడిగుడ్డలో కాసేపు చుట్టి మెత్తబరిచి, పాత చిల్లులోంచే సూది పోనివ్వాలి. తర్వాత గాలి తగిలేలా బాగా ఆరనివ్వాలి.

మన దిష్టిగుమ్మడికాయలా వీధి గుమ్మానికి కట్టొద్దు. కోస్తా వానాకాలపు తేమకు కాయలు ఉబ్బి బూజు పడతాయి. లోపలి గోడకు, వంటింటి ఆవిరికి దూరంగా, గోడకు వేలెడు ఎడం ఉండేలా కొక్కేనికి తగిలించండి. దుమ్ము మెత్తటి కుంచెతో దులపాలి, నీళ్లు తగలకూడదు.

నోరు విప్పిన కాయల్లోంచి ముదురు గోధుమరంగు గింజలు రాలుతుంటాయి. వాటిలో హర్మలీన్ వంటి ఆల్కలాయిడ్లు ఉంటాయి, తింటే విషం. పాకే పిల్లలుంటే ఉయ్యాల మీద, మంచం మీద తగిలించొద్దు, కింద రోజూ ఊడవండి. ఇరానీలు గింజల్ని నిప్పుల మీద చిటపటలాడించి దిష్టి తీస్తారు. చిటికెడు చాలు, కిటికీ తెరవాలి, గర్భిణులు ఆ పొగకు దూరంగా ఉండాలి. ఆ పనికి విడిగా గింజలు కొనుక్కోండి, అల్లిక కాయలు తెంపొద్దు.

విదేశాల్లో ఉన్నవారికి పంపేముందు అక్కడి నియమాలు చూడాలి. ఫ్రాన్స్ ఈ మొక్కను 2005లో నిషేధిత మాదకద్రవ్యాల జాబితాలో చేర్చింది. అలాంటి చోటికి ఖర్‌మొహ్రేల దండ ఒక్కటే పంపడం మేలు.