సిడ్నీలో రెండు రోజులు: కిటికీ లేని గది, త్సావ్ ఫే బల్బుల ఫ్యాక్టరీ

2025 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్ నుంచి రెండు రోజులకని సిడ్నీ వెళ్లాం. మా ఆవిడ లిస్టులో ఒపెరా హౌస్, బోండై బీచ్ ఉన్నాయి. నా లిస్టులో ఒకటే, చైనా ఆర్టిస్టు త్సావ్ ఫే ఎగ్జిబిషన్.

ముందు గది సంగతి. చైనాటౌన్ పక్కనే హేమార్కెట్‌లో తీసుకున్నాం, హోటల్ పేరెందుకులెండి. ఫొటోలో కిటికీ కనిపించింది, తీరా చూస్తే కర్టెన్ వెనక గోడే ఉంది. మూడింటికి ఇస్తామన్న గది నాలుగున్నర దాకా ఇవ్వలేదు, సూట్‌కేసులు పెట్టుకుని లాబీలోనే కూర్చున్నాం. చోటు మాత్రం వంక పెట్టలేం, సెంట్రల్ స్టేషన్‌కి నడిచి వెళ్లొచ్చు, రాత్రి పొద్దుపోయాక కూడా వేడి నూడుల్స్ దొరికాయి. మన దోశలే కావాలంటే వెంట్‌వర్త్‌విల్ వైపు దిగండి, కాకపోతే సిటీకి రోజూ ట్రైన్ పట్టుకోవాలి.

సెయింట్ జేమ్స్ స్టేషన్‌లో దిగి డొమైన్ పార్కు మీదుగా నడిస్తే న్యూ సౌత్ వేల్స్ ఆర్ట్ గ్యాలరీ వస్తుంది. షో పెట్టింది 2022లో తెరిచిన నాలా బడు అనే కొత్త బిల్డింగులో. గ్యాలరీకి ఎంట్రీ ఫ్రీ, ఈ షోకి మాత్రం టికెట్ కొనాల్సి వచ్చింది.

త్సావ్ ఫే 1978లో గ్వాంగ్‌జౌలో పుట్టింది. వీడియో, ఫొటోలు, వర్చువల్ రియాలిటీ, ఏది పనికొస్తే అది వాడుతుంది. బీజింగ్‌లోని హోంగ్‌షియా అనే పాత సినిమా హాలు లాబీని సెట్ వేసి, అందులోంచే మనల్ని లోపలికి పంపారు. ఇంకోచోట, మూతపడిన మారీగోల్డ్ అనే సిడ్నీ చైనీస్ రెస్టారెంటుని గుర్తు చేసే గది. సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ లోకంలో ఆమె కట్టిన 'ఆర్ఎంబీ సిటీ' దగ్గర మాత్రం నాకు పది నిమిషాల్లో విసుగొచ్చింది, పాత వీడియో గేమ్ పక్కన నిలబడి చూస్తున్నట్టుంది.

'హూజ్ యుటోపియా' అనే ఆమె వీడియో ముందు నుంచి కదల్లేకపోయాను. 2006లో ఫోషాన్‌లోని ఓస్రామ్ బల్బుల ఫ్యాక్టరీలో తీసింది, ఇరవై నిమిషాలుంటుంది. మొదట అంతా మెషీన్లు, వాటి మధ్య చేతులు. తర్వాత అదే షెడ్డులో ఒకమ్మాయి బాలే డాన్స్ చేస్తుంది, ఒకతను గిటార్ పట్టుకుంటాడు, వెనకాల మిగతావాళ్లు తలెత్తకుండా పని చేసుకుపోతుంటారు. చివర్లో ఒక్కొక్కరూ కెమెరా వైపు చూస్తూ ఊరికే నిలబడతారు. మా నాన్న చర్లపల్లిలో పాతికేళ్లు షిఫ్టులు చేశాడు, హార్మోనియం వాయించగలడని మాకు ఆయన రిటైరయ్యాకే తెలిసింది.

రెండోసారి కూడా చూశాను. బయటికొచ్చేసరికి ఐదు కావొస్తోంది, బోండై పోయింది, సర్క్యులర్ కీ దాకా నడిచి ఫెర్రీ ఎక్కితే ఒపెరా హౌస్ నీళ్ల మీద నుంచి కనిపించింది, దానితో మా ఆవిడ సరిపెట్టుకుంది.