కన్వేయర్ లైన్‌కి సీమెన్స్ ఎస్7-1200: మంచిదే, కానీ ఏ రకం తీసుకుంటున్నారో చూసుకోండి

నాలుగైదు బెల్టులు వరసగా ఉండి ఒకదాని మీంచి ఇంకోదాని మీదకి సరుకు పడే లైన్‌కి పెద్ద పీఎల్‌సీ (ప్రోగ్రాం రాసి యంత్రాల్ని నడిపించే ఇండస్ట్రియల్ కంప్యూటర్) అక్కర్లేదు, ఎస్7-1200లోని సీపీయూ 1214సీ చాలు. 14 డిజిటల్ ఇన్‌పుట్లు, 10 అవుట్‌పుట్లు దాంట్లోనే వస్తాయి, చాలకపోతే పక్కన 8 సిగ్నల్ మాడ్యూళ్ల (అదనపు ఇన్‌పుట్, అవుట్‌పుట్ యూనిట్లు) దాకా తగిలించుకోవచ్చు.

నాకు బాగా నచ్చింది ఫాల్ట్ వెతకడం. రిలేలతో (కరెంటుతో పనిచేసే స్విచ్‌లతో) కట్టిన పాత ప్యానెల్‌లో లైన్ ఆగిందంటే మీటరు పట్టుకుని ఒక్కో కాంటాక్టూ చూసుకుంటూ పోవాలి, ఈలోపు ప్రొడక్షన్ వాళ్లు నెత్తి మీద నిలబడతారు, టెన్షన్. ఇక్కడ ల్యాప్‌టాప్ కలిపి ఆన్‌లైన్‌లోకి వెళ్తే లాడర్‌లో (సర్క్యూట్ బొమ్మలా గీసే ప్రోగ్రాంలో) ఆకుపచ్చ గీత ఎక్కడిదాకా వచ్చి ఆగిందో కనిపిస్తుంది. ఓవర్‌లోడ్ ట్రిప్ అయిందా, పుల్ కార్డ్ (బెల్టు పక్కన ఉండే ఎమర్జెన్సీ తాడు) ఎవరో లాగి రీసెట్ చెయ్యలేదా అన్నది అక్కడే తేలిపోతుంది. కొనడానికి నాకు ఇదొక్కటి చాలు.

సీక్వెన్స్ రాయడం తేలికే. చివరి బెల్టు ముందు తిరగాలి, ఆపేటప్పుడు మొదటిది ముందు ఆగాలి, మధ్యలో టైమర్లు. కానీ దయచేసి టైమర్‌ని మాత్రమే నమ్మి వదిలెయ్యకండి. కాంటాక్టర్ (మోటారుకి కరెంటు ఇచ్చే స్విచ్) ఆన్ అయింది కాబట్టి బెల్టు తిరుగుతోందని అనుకోలేం, డ్రమ్ము తిరుగుతూ బెల్టు జారుతుండొచ్చు. టెయిల్ పుల్లీ (బెల్టుతో పాటే తిరిగే, మోటారు లేని చివరి డ్రమ్ము) దగ్గర ఒక ప్రాక్సిమిటీ సెన్సర్ (తాకకుండానే లోహాన్ని పసిగట్టేది) పెట్టి, నిర్ణీత టైములో పల్స్ రాకపోతే దాని మీదకి సరుకు పంపే వెనక బెల్టులన్నీ ఆగిపోయేలా రాయండి. ఒక్క ఇన్‌పుట్ ఖర్చు, అంతే.

ఆర్డర్ పెట్టేటప్పుడు చాలామంది పట్టించుకోనిది అవుట్‌పుట్ రకం. రిలే మోడల్ 2 ఆంపియర్ల దాకా తట్టుకుంటుంది, కాంటాక్టర్ కాయిల్‌కి నేరుగా ఇవ్వచ్చు అని దాన్నే తీసుకుంటారు. మాటిమాటికీ స్టార్ట్, స్టాప్ అయ్యే బెల్టుల్లో ఆ కాంటాక్టులు అరిగిపోతాయి, అవి లోపల బోర్డు మీదే ఉంటాయి కాబట్టి ఊడదీసి మార్చుకునేలా ఉండవు. ట్రాన్సిస్టర్ మోడల్ (డీసీ/డీసీ/డీసీ, అంటే సప్లై, ఇన్‌పుట్, అవుట్‌పుట్ మూడూ డీసీ) తీసుకుని బయట ప్లగ్-ఇన్ రిలేలు పెట్టడమే నా సలహా, పోయిన రిలే పీకేసి కొత్తది గుచ్చితే పనైపోతుంది. దాని అవుట్‌పుట్ 0.5 ఆంపియర్లే అయినా రిలే కాయిల్‌కి అది ఎక్కువే.

ఎమర్జెన్సీ స్టాప్‌ని మాత్రం ఈ మామూలు సీపీయూ ప్రోగ్రాం మీద ఆధారపడేలా కట్టకండి. సేఫ్టీ రిలే ద్వారా మోటార్ల సప్లై నేరుగా తెగాలి. పీఎల్‌సీకి ఆ సంగతి తెలియడానికి ఒక కాంటాక్టు ఇస్తే సరిపోతుంది. మనిషి చెయ్యి బెల్టుకీ డ్రమ్ముకీ మధ్య ఇరుక్కున్నప్పుడు ప్రోగ్రాం ఏం చేస్తుందో అని ఆలోచించే పరిస్థితి రాకూడదు.

లోపాలు లేకపోలేదు. దీనికి ప్రోగ్రాం రాసే టీఐఏ పోర్టల్ బరువైన సాఫ్ట్‌వేర్, లైసెన్సు కొనాలి, పై వెర్షన్‌లో సేవ్ చేసిన ప్రాజెక్టు కింది వెర్షన్‌లో తెరుచుకోదు. 1214సీలో ఉన్న 2 ఎనలాగ్ ఇన్‌పుట్లు (ఆన్/ఆఫ్ కాకుండా ఎక్కువ తక్కువలు చదివేవి) 0-10 వోల్టులకే, 4-20 మిల్లీఆంపియర్ల సిగ్నల్‌కి విడిగా మాడ్యూల్ కావాలి. ఎనలాగ్ అవుట్‌పుట్ అసలు లేదు. డ్రైవ్‌కి (మోటారు వేగం మార్చే పరికరానికి) స్పీడు ఎనలాగ్‌లో ఇవ్వాలనుకుంటే ముందే 1215సీ తీసుకోండి, దాంట్లో రెండు ఎనలాగ్ అవుట్‌పుట్లు ఉన్నాయి.