జాక్‌లు దిగితేనే మజిలీ: పాత మోటార్‌హోమ్‌తో అరిజోనా, యూటా

ఆర్‌వీ పార్కుల గురించి, అంటే మోటార్‌హోమ్‌లు (లోపలే వంటా పడకా ఉన్న బళ్ళు) ఆపుకునే చోట్ల గురించి రాసేవాళ్ళు వ్యూ గురించి రాస్తారు, షవర్లు శుభ్రంగా ఉన్నాయా లేదా అని రాస్తారు, వైఫై గురించి రాస్తారు. ఇరవై ఏళ్ళు దాటిన మోటార్‌హోమ్ నడిపేవాళ్ళు ముందు అడిగేది వేరు: అక్కడ నేల ఎలా ఉంది? ఎంత వాలు, కంకరా, తారా, ఇసకా? ఫీనిక్స్ నుంచి బయల్దేరి గ్రాండ్ కాన్యన్, పేజ్ అనే ఊరు, జయాన్ నేషనల్ పార్కు చుట్టి వచ్చిన మా తిరుగుడులో మజిలీలకు నేను మార్కులు వేసింది ముఖ్యంగా ఆ లెక్కనే.

మాది 2003 మోడల్ బండి. ఫోర్డ్ ఎఫ్-53 చాసిస్, వి10 పెట్రోల్ ఇంజిన్, 34 అడుగుల పొడవు. నాలుగు మూలలా బండిని లేపి మట్టంగా నిలబెట్టే నాలుగు హైడ్రాలిక్ జాక్‌లు. పంపు ఆయిల్‌ను నెట్టి జాక్‌ను కిందికి దింపుతుంది. పైకి లాగేది మాత్రం పంపు కాదు, జాక్ పక్కనున్న స్ప్రింగులు. వాల్వు తెరుచుకుంటే ఆ స్ప్రింగులు ఆయిల్‌ను తిరిగి ట్యాంకులోకి తోస్తాయి. ఈ ఒక్క విషయం అర్థమైతే పాత బండిలో సగం టెన్షన్ పోతుంది. ఎలాగో పేజ్ దగ్గర చెప్తాను.

మట్టం గురించి అంత పట్టింపు ఎందుకంటారా? పాత బళ్ళలో ఫ్రిజ్‌కు కంప్రెసర్ ఉండదు. అమోనియా, నీళ్ళు కలిపిన ద్రావణాన్ని గ్యాస్ మంటతోనో కరెంటుతోనో వేడి చేసి తిప్పుతుంది. ఆ ద్రావణం తన బరువుకు తాను కిందికి జారాలి. బండి ఒరిగి ఉంటే అది ఎక్కడో నిలిచిపోతుంది, చల్లదనం తగ్గుతుంది, చాలాసేపు అలాగే నడిపితే ఫ్రిజ్ పాడవుతుంది. అమ్మకు మాత్రం ఈ ఫ్రిజ్ సైన్సు అక్కర్లేదు. పెనం మీద దోసె పిండి ఒక పక్కకు జారితే చాలు, "కుడి పక్క ఇంకాస్త లేపవే" అని వంటగట్టు దగ్గర నుంచే కేక వేస్తుంది. నేను ఫ్రిజ్ అడుగున రసమట్టం పెట్టి చూసుకుంటాను. ఇద్దరి లెక్కా ఎప్పుడూ ఒకటే.

మొదటి మజిలీ గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్‌లో, అంటే లోయ దక్షిణపు అంచున, ట్రైలర్ విలేజ్. పార్కు లోపల కరెంటు, నీళ్ళు, మురుగు కనెక్షన్ మూడూ దొరికే చోటు ఇదే. 50 అడుగుల బండి దాకా పడుతుంది, ముందు నుంచి వెళ్ళి ముందు నుంచే బయటికి వచ్చేయొచ్చు. పక్కనే ఉన్న మేథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో చెట్లు బాగుంటాయి గానీ హుకప్‌లు, అంటే ఆ కనెక్షన్లు లేవు, బండి పొడవు 30 అడుగులు మించకూడదు. మాకు అది కుదరదు. ట్రైలర్ విలేజ్‌లో సైట్ల (ఒక్కో బండికి ఇచ్చే జాగాల) మధ్య ఎడం తక్కువ. పొద్దున్నే ఎల్క్ జింకలు కిటికీ పక్కనే గడ్డి మేస్తుంటే నాన్న టీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. షటిల్ బస్సులు ఉచితం, రిమ్ దాకా బండి కదపక్కర్లేదు.

నేల గట్టిది. జాక్‌లు చకచకా దిగాయి. కానీ ఆ చోటు 7,000 అడుగుల ఎత్తు. అక్టోబరులో పగలు స్వెట్టర్ కూడా అక్కర్లేదు, రాత్రి నీళ్ళు గడ్డకట్టే చలి. అర్ధరాత్రి ఎక్కడో 'టక్' మని చప్పుడు, కాసేపటికి ఇంకోటి. జాక్ కారిపోతోందేమోనని అందరికీ మెలకువ వచ్చింది. పగటి ఎండకు వేడెక్కిన ఆయిల్ చల్లారితే కుదించుకుంటుంది, ఒక మూల కొద్దిగా దిగుతుంది, అంతే. పొద్దున మట్టం చూసి ఒకసారి సరిచేస్తే సరిపోయింది. నిజంగా కారుతోందో లేదో తెలియాలంటే టార్చి వేసి జాక్ రాడ్ చుట్టూ, గొట్టాల బిగింపుల దగ్గర చూడాలి. ఎర్రటి తడి కనిపించిందా, అది లీకే. మాది పొడిగా ఉంది.

జాక్‌లు దింపే పద్ధతి గురించి పక్క బండి వాళ్ళతో చాలాసేపు మాట్లాడాం. వాళ్ళదీ పాతదే. గేరు పార్క్‌లో పెట్టి హ్యాండ్ బ్రేక్ వేయాలి, లేకపోతే జాక్‌ల బటన్లున్న ప్యానెల్ పనే చేయదు. ప్రతి జాక్ కింద 2 అంగుళాల మందం చెక్క పెట్టాలి. ముందు జత, తర్వాత వెనక జత. ఒక్క మూలనే ఎత్తుకుంటూ పోతే చాసిస్ నులక మంచంలా మెలి తిరిగి ముందు అద్దం పగలొచ్చు. అన్నిటికంటే ముఖ్యం, వెనక చక్రాలు నేల వదలకూడదు. హ్యాండ్ బ్రేక్ పట్టేది వాటినే, అవి గాల్లోకి లేస్తే వాలులో బండిని ఆపేది ఏమీ ఉండదు. ఇక జాక్‌ల మీద నిలబెట్టిన బండి కిందికి దూరడం ఎంత తెలిసినవాడైనా చేయకూడని పని.

అక్కడి నుంచి పేజ్. లేక్ పవెల్, గ్లెన్ కాన్యన్ డ్యామ్, హార్స్‌షూ బెండ్ అన్నీ దగ్గర దగ్గరే. హార్స్‌షూ బెండ్‌కు మధ్యాహ్నం వెళ్ళకండి, నీడ లేదు. లోన్ రాక్ బీచ్‌లో నీటి అంచునే క్యాంపింగ్ చేయొచ్చు, ఫోటోలు అద్భుతం. కానీ అది మెత్తటి ఇసక. ఎనిమిది టన్నుల బండికి జాక్ వేస్తే బండి లేవదు, జాకే భూమిలోకి దిగుతుంది. చూసి, ఫోటోలు తీసుకుని వెనక్కి వచ్చి ఒక ప్రైవేటు పార్కులో దిగాం. కంకర సైటు, ముక్కు కిందికి వాలు. జాక్‌లు ఎంత లేపినా ప్యానెల్ మీద వాలు ఎక్కువన్న లైటు వెలుగుతూనే ఉంది. అలాంటప్పుడు జాక్‌లతో కుస్తీ పట్టకూడదు, ముందు చక్రాల కింద చెక్కలు పరిచి వాటి మీదికి బండి ఎక్కించి, మిగిలిన అంగుళాలే జాక్‌లకు వదలాలి. ఆఫీసులో వేరే సైటు అడిగితే మొహం చిట్లించారు, ఇక చెక్కలతోనే సరిపెట్టుకున్నాం. షవర్లు మాత్రం బాగున్నాయి, ఆ మాట చెప్పాలి.

బయల్దేరే రోజు వచ్చింది అసలు గొడవ. స్లైడు (బండి ఆగినప్పుడు బయటికి జరిపే గది భాగం) లోపలికి లాగి, ఇంజిన్ స్టార్ట్ చేసి, జాక్‌లు ఎత్తే బటన్ నొక్కితే మూడు ఎర్ర లైట్లు ఆరిపోయాయి. కుడి వెనక జాక్ లైటు మాత్రం వెలుగుతూనే ఉంది, అంటే ఆ జాక్ ఇంకా పైకి రాలేదు. పార్కు ఆఫీసు ద్వారా ఒక మొబైల్ మెకానిక్‌ను పిలిస్తే, రావడానికే 150 డాలర్లు తీసుకుని, పంపు మోటారు మార్చాలి, పార్టు రావడానికి వారం పడుతుంది అన్నాడు. నాన్న ఆర్టీసీ డిపో వర్క్‌షాపులో రిటైరైన మనిషి. ఆయనకు ఇంగ్లీషులో చెప్పిందంతా అర్థం కాలేదు, 'పంప్' అన్న మాట మాత్రం పట్టుకున్నాడు.

"పైకి లాగేది స్ప్రింగు అంటివి కదమ్మా. పంపు మారిస్తే ఏమొస్తుంది?"

నిజమే. మెకానిక్‌కు దండం పెట్టి పంపించేశాం. ఆ తర్వాత మాన్యువల్ ముందేసుకుని కూర్చున్నాం. వాల్వుల దిమ్మ ముందు చక్రం వెనకున్న అరలో ఉంది, బయట నిలబడే చెయ్యి పెట్టొచ్చు. ప్రతి వాల్వుకూ చేత్తో వదిలే నట్టు ఒకటి ఉంటుంది. పిల్లల్ని దూరంగా పంపి, బండి చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, మా ఆయన పానాతో ఆ నట్టును మెల్లగా వదులు చేశాడు. జాక్ నిదానంగా పైకి వచ్చింది. అంటే స్ప్రింగుల్లో బలం ఉంది, గొట్టం మూసుకుపోలేదు. వాల్వే తెరుచుకోవడం లేదు. నట్టు వదిలినా జాక్ కదలకపోతే తప్పు రాడ్‌దో స్ప్రింగుదో అయ్యేది, అప్పుడు షాపుకు వెళ్ళాల్సిందే.

వాల్వు చెడిందా, దానికి కరెంటు రావట్లేదా? దానికీ ఖర్చు లేని పరీక్ష ఉంది. పక్క వాల్వు వైరు కనెక్టర్‌ను దీనికి, దీనిది దానికి పెట్టి చూడటమే. మారిస్తే మొండికేసిన వాల్వు టక్కున పనిచేసింది, పక్కది మూగబోయింది. వైరులోనే ఉంది జబ్బు. కనెక్టర్ విప్పితే లోపల పచ్చగా చిలుము. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, చిన్న బ్రష్‌తో రుద్ది బిగిస్తే నాలుగు లైట్లూ ఆరిపోయాయి. నాన్న ఒక్క మాటా అనలేదు గానీ ఆ రోజంతా డ్రైవర్ పక్క సీటు ఎవరికీ ఇవ్వలేదు. నట్టును తిరిగి గట్టిగా బిగించారో లేదో మాత్రం చూసుకోవాలి, వదులుగా ఉంటే తర్వాతి మజిలీలో ఆ మూల లేవదు.

జయాన్‌కు దగ్గరి దారి కొండ సొరంగం గుండా ఉంది. 1930లో తెరిచింది, కార్లకు భలే దారి. మా ఎత్తూ వెడల్పూ ఉన్న బండికి కాదు. ఫ్రెడోనియా, హరికేన్ మీదుగా చుట్టు తిరిగి స్ప్రింగ్‌డేల్ చేరాం. వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్ వర్జిన్ నది పక్కన, కాటన్‌వుడ్ చెట్ల కింద ఉంది. కరెంటు సైట్లు ఉన్నాయి, సైటులో నీళ్ళ కనెక్షన్ లేదు కాబట్టి ట్యాంకు ముందే నింపుకోవాలి. జనరేటర్ వేయనివ్వరు, అందుకే రాత్రి అంత నిశ్శబ్దం. విజిటర్ సెంటర్, షటిల్ బస్సు నడిచి వెళ్ళేంత దూరం. మాకు దొరికిన సైటు ఎంత చదునంటే జాక్‌లు బండి ఊగకుండా ఆనించడానికే దించాం. అమ్మ దోసె పెనం నిండా గుండ్రంగా వచ్చింది.

ఖాళీ దొరికిన మధ్యాహ్నం జాక్‌లకు కాస్త సేవ చేశాం. నాలుగూ పైకి ఎత్తాకే ఆయిల్ మట్టం చూడాలి, జాక్ దిగి ఉండగా చూసి పోస్తే ఎత్తినప్పుడు ట్యాంకు పొంగుతుంది. మా మాన్యువల్ డెక్స్రాన్ ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సులో పోసే ఆయిల్) వాడమంటుంది, కొన్ని కంపెనీలకు వేరే ఆయిల్ ఉంటుంది. బ్రేక్ ఆయిల్ మాత్రం పోయకూడదు, సీళ్ళు ఉబ్బిపోతాయి. రాడ్‌ల మీద కట్టిన ఎర్ర దుమ్ము గుడ్డతో తుడిచి సిలికాన్ స్ప్రే కొడితే వెనక జాక్‌లు ఎక్కే వేగంలో తేడా తెలిసింది. బ్యాటరీ టెర్మినళ్ళు, పంపు ఎర్త్ వైరు కూడా గీకి బిగించాం. ఆ పంపు వంద ఆంపియర్లకు పైగా లాగుతుంది. బ్యాటరీ నీరసంగా ఉంటే పంపు మూలుగుతుంది, ప్యానెల్ లైట్లు పిచ్చిపిచ్చిగా వెలుగుతాయి, మనమేమో కంప్యూటర్ పోయిందనుకుంటాం. ఇంజిన్ ఆన్‌లో ఉంచి జాక్‌లు వేస్తే ఆ బెడద చాలావరకు ఉండదు.

మళ్ళీ వెళ్తే గ్రాండ్ కాన్యన్‌లో ట్రైలర్ విలేజే, జయాన్‌లో వాచ్‌మనే. వాచ్‌మన్ కరెంటు సైట్లు ఆరు నెలల ముందే తెరుస్తారు, తెరిచిన పొద్దునే పోతాయి, ఆ రోజు అలారం పెట్టుకోండి. పేజ్‌లో మాత్రం ఫోన్ చేసి "మీ దగ్గర చదునైన సైటు నంబరు చెప్పండి" అని అడిగాకే డబ్బు కడతాను.