ఎర్ర బిళ్ల టైమర్: కొనేముందు చెవి దగ్గర పెట్టి వినండి

60 నిమిషాల విజువల్ టైమర్ ఇది. తిప్పితే ఎర్ర బిళ్ల తెరుచుకుంటుంది, సమయం గడిచేకొద్దీ తరుగుతుంది. గడియారం చూడటం రాని పిల్లలకూ ఇంకెంతసేపో కంటికి కనిపిస్తుంది. పాఠం ఎప్పుడైపోతుందో తెలియకపోతే ఆటిజం ఉన్న పిల్లల్లో ఆందోళన ఇట్టే పెరుగుతుంది.

1908 మూసీ వరదల పాఠమే తీసుకోండి. కిటికీ బయట వాన పడుతుంటే హైదరాబాద్‌లోని ఇలాంటి పిల్లలకది పాతకాలపు సంగతి కాదు, ఈ రాత్రే మునిగిపోతామన్న భయం. అందుకే ముందురోజే ఇంట్లో చివరి నుంచి చెప్పాలి: వరద తగ్గింది, మళ్లీ రాకుండా ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టారు. క్లాసులో పీరియడ్ మొత్తానికి కాకుండా 10 నిమిషాలకే తిప్పండి, తర్వాత 5 నిమిషాలు వరండాలోకి పంపండి. బిళ్ల మాయమయ్యాక టీచర్ "ఇంకొక్క పేరా" అన్నారంటే మర్నాటి నుంచి టైమర్ మీద నమ్మకం పోతుంది, పాపం.

అసలు లోపం శబ్దమే. బీప్ ఆపే స్విచ్ లేనివి, టిక్ టిక్ వినిపించేవి అస్సలు కొనొద్దు. అరచేయంత సైజు డెస్కుకి చాలు. ముందు వారం రోజులు బొమ్మలాట, స్నాక్స్ వేళల్లో అలవాటు చేయండి. నేరుగా కష్టమైన పాఠంతో మొదలుపెడితే ఎర్ర రంగు చూస్తేనే బెదిరిపోతారు.