డ్వోరాక్‌లో జపనీస్ టైపింగ్, నాలుగేళ్ల తర్వాత: క గుణింతం ఒక్కటి తప్ప

నాలుగేళ్ల నుంచి డ్వోరాక్ (మామూలు క్వెర్టీ కీబోర్డ్ బదులు, అక్షరాలు వేరే చోట్ల ఉండే లేఅవుట్) మీదే జపనీస్ రోమాజీ (జపనీస్‌ని ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టే పద్ధతి) కొడుతున్నా. ఈ లేఅవుట్ ఏంటి, ఎలా పెట్టుకోవాలి, ఎన్నాళ్లకి చెయ్యి తిరుగుతుంది, ఇవన్నీ ఇప్పటికే చాలామంది రాశారు కాబట్టి వదిలేస్తున్నా. నేను చెప్పాలనుకున్నది ఒక్క కీ గురించి. కె.

ముందు నచ్చింది చెప్తా. అచ్చులు ఐదూ ఎడమచేతి కింద హోమ్ రోలో, అంటే వేళ్లు ఆనించి ఉంచే మధ్య వరసలో, వరసగా ఉంటాయి, ఎక్కువ వాడే హల్లులు కుడిచేతి కింద. జపనీస్ కూడా మన తెలుగులాగే హల్లు మీద అచ్చు, మళ్లీ హల్లు మీద అచ్చు అని నడిచే భాష, చివర న్ వచ్చే మాటలు తీసేస్తే మిగతావన్నీ అజంతాలే. అందుకే హనసు అని కొడితే కుడి ఎడమ కుడి ఎడమ కుడి ఎడమ, అరిగతో కూడా చివరి యు దాకా అలాగే మారి మారి పడుతుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో తెలుగు కొట్టేవాళ్లకి ఈ సుఖం తెలిసే ఉంటుంది, అక్కడా అచ్చులు ఎడమపక్క, హల్లులు కుడిపక్క. మొదటి ఏడాదంతా కనపడ్డ ప్రతివాళ్లకీ ఇది జపనీస్ కోసమే చేసినట్టుందని చెప్పుకుంటూ తిరిగా.

అది ఇంగ్లీష్ కోసం చేసి 1936లో పేటెంట్ తీసుకున్న లేఅవుట్ అన్న సంగతి నాకు అసలు గుర్తొచ్చింది ఒక సేఫ్టీ మాన్యువల్ అనువాదం చేసేటప్పుడు. ఇంగ్లీషులో కె పెద్దగా రాదు కదా, అందుకని దాన్ని ఎడమచేతి కింది వరసలో, క్వెర్టీలో వి ఉండే చోట పెట్టారు. అంటే చూపుడువేలు. యు కూడా ఎడమ చూపుడువేలే, ఐ కూడా, పైనున్న వై కూడా. ఆ మాన్యువల్ నిండా అంబులెన్స్ గురించే, జపనీస్‌లో క్యూక్యూష. కె వై యు యు, కె వై యు యు, ఎనిమిది అక్షరాలు వరసగా ఒకే వేలు, కిందకి, పైకి, మధ్యకి, ఇంకోసారి మధ్యలో, మళ్లీ అదే మొత్తం. ఆ తర్వాత ఎస్ హెచ్ వస్తే తప్ప కుడిచేతికి పనే లేదు. ఎమర్జెన్సీ అంటే కిన్‌క్యూ, అందులో ఎన్ ఒక్కటే కుడిచేతిది, మిగతా ఆరూ మళ్లీ ఆ వేలే. పది రోజులు అదే పని, చివరికి కప్పు పట్టుకుంటే ఆ వేలి మొదట్లో కలుక్కుమనేది, రెండు రోజులు కీబోర్డ్ ముట్టుకోకుండా కూర్చున్నా. భలే కోపం వచ్చింది, ఎందుకంటే జపనీస్‌లో క లేకుండా వాక్యం కదలదు, ప్రశ్న అడగాలన్నా చివర క పెట్టాలి.

ఆ రెండు రోజుల్లోనే తెలిసింది సి సంగతి. డ్వోరాక్‌లో సి కుడిచేతి పై వరసలో నడిమివేలికి అందుతుంది, రోమాజీలో దానికి పెద్ద పనేమీ లేదు, పైగా చాలా ఐఎంఈల్లో (మనం కొట్టిన రోమాజీని జపనీస్ లిపిలోకి మార్చే ప్రోగ్రాములు) సి ఏ కొడితే క, సి యు కొడితే కు, సి ఓ కొడితే కొ ఎలాగూ వస్తాయి. మిగిలింది కి, కె అనే శబ్దాలు, ఇంకా క్య గుణింతం. గూగుల్ జపనీస్ ఇన్‌పుట్‌లో రోమాజీ టేబుల్, అంటే ఏవి కొడితే ఏ జపనీస్ అక్షరం రావాలో చెప్పే పట్టిక, మనమే మార్చుకోవచ్చు, కూర్చుని ఆ వరసలు ఒక్కొక్కటీ మార్చా, అరగంట పట్టిందేమో. జపాన్‌లో డ్వోరాక్ వాడేవాళ్లు ఎప్పటినుంచో కె బదులు సి కొడుతున్నారని, డ్వోరాక్‌జేపీ అని దానికో పద్ధతే ఉందని తర్వాత తెలిసింది. వై మాత్రం ఇంకా ఎడమపక్కే ఉంది, అంటే క్యూక్యూష ఇప్పటికీ హాయిగా ఏం లేదు, కాకపోతే మధ్యలో కుడిచేయి వచ్చి వేలికి కాస్త ఊపిరి ఆడుతోంది. నొప్పి మళ్లీ రాలేదు.

ఇంతవరకూ బానే ఉంది కానీ ఒకసారి ఫ్రెండ్ కంప్యూటర్‌లో అర్జెంటుగా ఒక పేజీ కొట్టాల్సి వచ్చింది. డ్వోరాక్ పెట్టుకున్నా, టేబుల్ సంగతి మర్చిపోయా. మామూలు టేబుల్‌లో సి ఈ అంటే సె. కేకకు అంటే ప్లాన్, అది సేకకు అయ్యి స్వభావం అన్న కంజి (చైనీస్ నుంచి వచ్చిన జపనీస్ లిపి) మాట వచ్చింది. కేసన్ అంటే లెక్క, అది సేసన్ అయ్యి ఉత్పత్తి అయిపోయింది. అర్థంలేని మాటలు వచ్చుంటే వెంటనే కంటికి తగిలేవి, ఇవన్నీ నిజమైన మాటలే కాబట్టి చూసుకోకుండా పంపేశా, ప్రాజెక్ట్ స్వభావం గురించి ఈ పేరా ఎందుకుందని అవతల్నించి అడిగారు. అప్పట్నించి వేరేవాళ్ల మెషిన్ మీద కూర్చుంటే ముందు క కి కు కె కొ చివరిదాకా కొట్టి చూసుకుంటా, అది చేయడం కుదరకపోతే క్వెర్టీలోనే మెల్లగా కొడతా.

చైనీస్ పిన్‌యిన్ (చైనీస్‌ని ఇంగ్లీష్ అక్షరాల్లో రాసే పద్ధతి) కొద్దిగా ప్రయత్నించా, అక్కడ జె, క్యూ, ఎక్స్ మూడూ ఎడమ కింది వరసలోనే, వాటి వెనక వచ్చే ఐ, యు కూడా ఎడమే, క్వెర్టీకి తిరిగి వెళ్లిపోయా. కొరియన్‌కైతే ఇది అసలు పనికిరాదు, నా కీబోర్డ్‌లో లేఅవుట్ లోపలే మార్చి ఉండటంతో హంగుల్ అక్షరాలన్నీ చెల్లాచెదురైపోయాయి, అది కొట్టేటప్పుడు కీబోర్డ్‌లోని మామూలు క్వెర్టీ లేయర్‌కి మార్చుకుంటా.

నేను రోజుకి నాలుగైదు గంటలు, ఎప్పుడూ నా సొంత మెషిన్ మీదే, జపనీస్ ఎక్కువ ఇంగ్లీష్ తక్కువ కొడతా, కాబట్టి టేబుల్ మార్చుకున్నాక నాకు సరిపోయింది. ఆఫీసులో సెట్టింగ్స్ ముట్టుకోనివ్వని కంప్యూటర్ మీద పని చేసేవాళ్లకి మాత్రం నేను చెప్పను, పాత కె తోనే ఉండాల్సొస్తుంది మరి.