పాత కథలు కొత్తగా: నాలుగు పుస్తకాల సెట్టు, మా పాప చదివాక

మా పాపకి ఆరేళ్ళు. గుణింతాలు వచ్చేశాయి కానీ ఒత్తుల దగ్గర ఇంకా తడబడుతుంది. ఇలాంటి పిల్లలు సొంతంగా చదువుకోవడానికని వేసిన ఈ సెట్టు మా ఇంటికొచ్చి నెల దాటింది. ఎర్ర టోపీ పిల్ల, మూడు పందిపిల్లలు, సిండ్రెల్లా, గోల్డీలాక్స్. కథలు పాతవే, ఇప్పటి పిల్లల కోసం మార్చి రాశారు.

మార్చినందుకు నాకేం అభ్యంతరం లేదు, ఈ కథలు మొదట్నుంచీ మారుతూనే ఉన్నాయి. 1697లో ఫ్రెంచి రచయిత పెరో అచ్చువేసిన ఎర్ర టోపీ కథ తోడేలు పిల్లని మింగేయడంతో అయిపోతుంది, 1812లో గ్రిమ్ సోదరుల పుస్తకంలో వేటగాడొచ్చి బతికిస్తాడు. గోల్డీలాక్స్‌కి మూలమైన, 1837లో ఇంగ్లీషు కవి సదీ రాసిన మూడు ఎలుగుబంట్ల కథలో ఆ ఇంట్లో దూరింది అసలు పాపే కాదు, ఓ ముసలావిడ. అందుకే ఈ సెట్టులో అమ్మమ్మే తోడేలుని బీరువాలోకి తోసి గడియ పెట్టేస్తే నాకు హాయిగా అనిపించింది.

నేను చూసిందల్లా కథలో పదేపదే వచ్చే మాటని ఉంచారా, తీసేశారా అని. ఎర్ర టోపీలో ఉంచారు. "నీ చెవులేంటి అంత పెద్దగా ఉన్నాయి?" అన్నది నాలుగు పేజీల్లో వస్తుంది, చెవులు పోయి కళ్ళు, తర్వాత చేతులు, తర్వాత పళ్ళు. మొదటి పేజీలో మా పాప వేలు పెట్టి కూడబలుక్కుంది, "పెదగా" అని ఆగి, కింద ఉన్న ఒత్తు చూసుకుని "పెద్దగా" అని దిద్దుకుంది. రెండో పేజీలో అక్కడ ఆగలేదు. మూడో పేజీకొచ్చేసరికి వేలు తీసేసి గొంతు మార్చి చదివేస్తోంది! మారిన ఆ ఒక్క మాటనీ చూసి చదవాల్సిందే కాబట్టి ఇది బట్టీ పట్టడం కూడా కాదు.

పందిపిల్లల పుస్తకం కూడా అంతే బావుంది. ఇటుకల ఇంటి దగ్గర తోడేలు ఊది ఊది అలసిపోతుంటే "ఉఫ్" అన్న అక్షరాలు చిన్నవైపోతూ వస్తాయి, పాప గొంతు కూడా దానంతటదే తగ్గిపోయింది.

సిండ్రెల్లా దగ్గరే బాధేసింది. చెప్పులు కుట్టే పని నేర్చుకున్న అమ్మాయిగా మార్చారు, ఆలోచన చాలా నచ్చింది. కానీ పన్నెండు గంటలు కొట్టడం తీసేశారు! ఒక్కో గంటకీ పిల్లలు ఊపిరి బిగబట్టి పేజీ తిప్పే చోటది. దాని బదులు చివర్లో ఓ ఉపన్యాసం పెట్టారు, అందులో "స్వాతంత్ర్యం" అని ఓ మాట, పైగా "ఆత్మవిశ్వా" ఒక లైన్లో, "సం" కింది లైన్లో. పాప రెండుసార్లు ప్రయత్నించి, "అమ్మా, నువ్వు చదువు" అని పుస్తకం నా చేతిలో పెట్టేసింది. తనంతట తాను చదువుకోవాలని కొన్న పుస్తకం కదా, నాకు మనసు చివుక్కుమంది.

గోల్డీలాక్స్ కథ పర్లేదు, విరిగిన కుర్చీ బాగుచేయడానికి ఆ పిల్ల తిరిగొస్తుంది. లైన్లు మాత్రం మరీ దగ్గరగా వేశారు, పై లైను ఒత్తులు కింది లైను గుడులకి తగులుతున్నాయి. పెద్దవాళ్ళకి ఇది కనిపించదు, ఒత్తులు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న పిల్లలకి చాలా కష్టం.

విడిగా దొరికితే మొదటి రెండూ కళ్ళు మూసుకుని కొనండి. సిండ్రెల్లా ఇంకో ఏడాది ఆగి ఇవ్వచ్చు, లేదా మీరే చదివి వినిపించండి, ఆ పన్నెండు గంటలు మాత్రం మీరే కొట్టాలి.