మెకానిక్ స్టెతస్కోపు: పికప్ ఇంజిన్ చప్పుళ్లు వింటూ కొన్నేళ్లు వాడాక

అనంతపురం చుట్టుపక్కల తోటల నుంచి చీనీ కాయలు, సీజన్‌లో కక్కలపల్లి మండీకి టమోటాలు తోలే డీజిల్ పికప్ నాది. బరువు మోసే బండి ఏడాది పొడవునా నిశ్శబ్దంగా ఉండదు. వచ్చిన చప్పుడు ఎక్కడిదో తేల్చుకోవడానికి మెకానిక్ స్టెతస్కోపు వాడుతున్నాను. డాక్టర్ల దగ్గర ఉండేదే, కాకపోతే గుండె మీద ఆనించే బిళ్ల ఉండాల్సిన చోట చిన్న డబ్బా, దానికి బిగించిన జానెడు ఇనుప కడ్డీ ఉంటాయి. ధర వందల్లోనే.

ఇది చెప్పేది చోటు మాత్రమే, జబ్బేమిటో మనమే తేల్చుకోవాలి. ఇనుము గుండా చప్పుడు పాకుతుంది కాబట్టి కడ్డీ ఎక్కడ ఆనించినా ఏదో ఒకటి వినిపిస్తుంది. కొత్తలో ప్రతి ఇంజెక్టరూ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే భాగం) పోయినట్టే అనిపిస్తుంది. అందుకని బండి బాగున్నప్పుడే అన్ని చోట్లా ఒకసారి విని పెట్టుకోవాలి. తర్వాత తేడా వస్తే ఒకే రకం భాగాలను పక్కపక్కన పోల్చాలి. నాలుగు ఇంజెక్టర్లలో మూడు ఒకలా టిక్కుమంటూ ఒకటి మొద్దుబారి ఉంటే, దాన్నే అనుమానించాలి.

నాకు పెట్టుబడి తిరిగొచ్చింది ఒక గరగర వల్ల. ఉదయం చల్లగా ఉన్నప్పుడు ముందు వైపు నుంచి వచ్చేది, బండి వేడెక్కాక తగ్గేది. మెకానిక్ షెడ్డులో విని, "టైమింగ్ చైన్ అన్నా, ఇంజిన్ ముందు భాగం విప్పాల్సిందే" అన్నారు. ఇంజిన్ లోపల వాల్వులను సమయానికి నడిపే గొలుసది, ఖర్చు వింటేనే గుండె జారింది. ఇంటికొచ్చి బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ మీద, వాటర్ పంపు మీద, చైన్ కవర్ మీద వరుసగా కడ్డీ ఆనించాను. అన్నిచోట్లా ఒకేలాంటి గొణుగుడు. బెల్టుకు దారి చూపే ఐడ్లర్ పుల్లీ బోల్టు మీద పెట్టగానే చెవిలో ఇసుక నూరినట్టు వినిపించింది. బెల్టు తీసి కొన్ని సెకన్లు ఇంజిన్ నడిపితే గరగర లేదు. బెల్టు లేకపోతే వాటర్ పంపు తిరగదు కాబట్టి అంతకుమించి నడపకూడదు. పుల్లీని చేత్తో తిప్పితే బేరింగు గరుకు వేళ్లకే తెలిసింది. పుల్లీ మార్చడంతో పోయింది.

లయ పట్టుకోవడం ఇంకో విద్య. పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే, వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ ఒక్కటే తిరుగుతుంది. అందుకే వాల్వుల దగ్గరి టకటక ఇంజిన్ వేగంలో సగం లయతో, సన్నగా, పై కవర్ మీద గట్టిగా ఉంటుంది. పిస్టన్‌ను క్రాంక్ షాఫ్ట్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగు అరిగితే వచ్చే దబదబ బరువైనది. ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ చాంబర్ వైపు పెరుగుతుంది, యాక్సిలరేటర్ తొక్కితే ఎక్కువవుతుంది. అది వినిపిస్తే లోడు సంగతి మరిచిపోయి బండి ఆపేయాలి, షెడ్డుకు లాగించుకునే వెళ్లాలి. క్లచ్ గొడవలకు మాత్రం ఈ పరికరం అక్కర్లేదు. న్యూట్రల్‌లో ఉండగా పెడల్ తొక్కితే వచ్చే చప్పుడు క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగుది, తొక్కితే పోయేది చాలాసార్లు గేర్‌బాక్స్ లోపలిది.

పనికిరాని చోట్లూ ఉన్నాయి. ఇంజిన్ నుంచి పొగను బయటికి పంపే మానిఫోల్డ్ అతుకులోని గాస్కెట్ దగ్గర పొగ లీకయ్యే చిటచిట కడ్డీకి సరిగా దొరకదు. కడ్డీ తీసి రబ్బరు గొట్టం తగిలించి, వేడి భాగాలకు తగలకుండా అంచు వెంట తిప్పితే దొరుకుతుంది. గుత్తి వైపు హైవే మీద లోడుతో వెళ్తుంటే మాత్రమే వచ్చే చక్రాల రొదకు ఇది అసలు తోడురాదు.

మెడలో టవల్ వేసుకుని బోనెట్ కింద వంగవద్దు. ఫ్యానుకు, బెల్టుకు కడ్డీ తగిలితే చెయ్యి పోతుంది. పాత డీజిల్ బండ్లలో ఏ సిలిండర్‌లో తేడా ఉందో తెలుసుకోవడానికి ఇంజెక్టర్ పైపు వదులు చేసి చూసేవారు. అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి అధిక ఒత్తిడితో డీజిల్ అందే కామన్ రైల్ బండిలో ఆ పని చేయవద్దు, 1000 బార్లు దాటే ఒత్తిడితో చిమ్మే డీజిల్ చర్మంలోకి దిగిపోతుంది.

మన్నిక ఫరవాలేదు. డబ్బా, కడ్డీ చెక్కుచెదరలేదు. మే నెల ఎండలో క్యాబిన్‌లో వదిలేస్తే చెవుల్లో పెట్టుకునే రబ్బరు మొనలు జిగురెక్కాయి, మార్చుకున్నాను. కొనేటప్పుడు కడ్డీ మరతో బిగించేదే తీసుకోండి, ఊరికే గుచ్చి పెట్టేది ఇంజిన్ అదురుకు ఊడి కింద పడుతుంది. సొంత బండి తోలుకునేవారికి తప్పక కొనమంటాను. కారును నెలకోసారి బయటికి తీసేవారికి పొడవాటి స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించుకుంటే చాలు.